వేట జాతి కుక్క, వేట లేని ఇల్లు

మన పట్టణాల్లో కుక్కను ఇంటి లోపల పెంచుకునే అలవాటు కొన్నేళ్ళుగా బాగా పెరిగింది. హైదరాబాదు, విజయవాడ, గుంటూరు, కర్నూలు లాంటి చోట్ల రెండు పడక గదుల ఫ్లాట్లలో సైతం ఖరీదైన జాతి కుక్కలు కనిపిస్తున్నాయి. ఈ అలవాటు కొన్ని ముస్లిం ఇళ్ళ గడప కూడా దాటింది. పెద్దలెవరైనా అభ్యంతరం చెబితే ఇంటి యజమాని దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "మౌలానా సాబ్, ఇది వీధి కుక్క కాదు. శికారీ నస్ల్. వేట కుక్కను పెంచుకోవచ్చని హదీసులోనే ఉంది కదా!"

ఈ మాటను నవ్వి కొట్టిపారేయకూడదు. ఇలా అనే వ్యక్తి షరీఅత్‌ను కాదనడం లేదు, షరీఅత్ లోపలే తనకు చోటు వెతుక్కుంటున్నాడు. కనుక అతనికి కోపంతో కాక, ఆధారంతో జవాబు చెప్పాలి. అసలు ప్రశ్న ఇది: హదీసులో లభించిన ఆ అనుమతి కుక్క పుట్టుకకు సంబంధించినదా, లేక అది చేసే పనికి సంబంధించినదా? ఈ ఒక్క ప్రశ్న తేలితే మిగతా విషయాలు చాలా వరకు వాటంతట అవే తేలిపోతాయి.

వేట కుక్కలంటే ఏవి?

జాతి పేరు చూసి అనుమతి ఇవ్వాలంటే ముందు ఆ జాతుల సంగతి తెలుసుకోవాలి. నేడు ఇళ్ళల్లో ముద్దుగా పెంచుతున్న కుక్కల్లో చాలా భాగం వేట జాతులే. గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్ జాతులను తుపాకీ దెబ్బకు పడిపోయిన పక్షులను నోట కరచుకొని, పాడుచేయకుండా యజమాని చేతికి తెచ్చివ్వడానికి తీర్చిదిద్దారు. బీగిల్ ఇంగ్లాండులో కుందేళ్ళ వాసన పట్టి, గుంపుగా అరుస్తూ తరమడానికి పెంచిన కుక్క. డాక్స్‌హుండ్ అనే పేరుకు జర్మన్ భాషలో అర్థమే 'బ్యాడ్జర్ కుక్క' అని. బ్యాడ్జర్ నేలలో బొరియలు చేసుకొని బతికే జంతువు. ఆ కుక్కకు పొట్టి కాళ్ళు వచ్చింది మన పిల్లలు చూసి నవ్వుకోవడానికి కాదు, బొరియలోకి దూరడానికి. కాకర్ స్పానియల్ పొదల్లో దాగిన పక్షులను లేపే కుక్క.

మన దక్కనులో కూడా ఒక ప్రసిద్ధమైన వేట జాతి ఉంది. కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లా ముధోల్ పేరుతో పిలిచే ముధోల్ కుక్క అది. దానికే కారవాన్ కుక్క అనే పేరు కూడా ఉంది. సన్నని నడుము, లోతైన ఛాతీ, పొడవైన కాళ్ళు దాని గుర్తులు. అది వాసనతో కన్నా చూపుతో వేటాడుతుంది. దూరాన ఏదైనా కదిలితే చాలు, బాణంలా దూసుకుపోతుంది. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు భారతీయ జాతి కుక్కల మీద స్టాంపులు విడుదల చేసినప్పుడు వాటిలో ఇదీ ఒకటి. 2016లో భారత సైన్యం ఈ జాతి పిల్లలను మీరట్‌లోని తన కేంద్రంలో శిక్షణకు తీసుకుంది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కూడా దీని ప్రస్తావన వచ్చింది.

జాతి పేరే అనుమతి అయ్యే పక్షంలో ఇంట్లో పెంచే కుక్కల్లో సగానికి సగం ఆ అనుమతిలోకి వచ్చేస్తాయి. అప్పుడు మినహాయింపే నియమమైపోతుంది, నియమానికి అర్థమే మిగలదు. ఒక ఆజ్ఞను అలా అర్థం చేసుకోవడం సరికాదని సామాన్య బుద్ధికి కూడా తోస్తుంది.

హదీసు ఏం చెబుతోంది?

హజ్రత్ అబూ హురైరా (రజి), హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసులు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నాయి. వాటి సారాంశం ఏమంటే వేట కోసమో, పశువుల కోసమో, పొలం కోసమో కాకుండా ఎవరైనా కుక్కను పెంచితే అతని పుణ్యంలో నుండి ప్రతి రోజూ కొంత తరిగిపోతుంది. ఒక ఉల్లేఖనంలో ఆ తరుగు ఒక ఖీరాతు అని, మరో దానిలో రెండు ఖీరాతులు అని ఉంది. ఖీరాతు పరిమాణం ఎంత అనే దానిపై ఉలమాలు రకరకాలుగా చెప్పారు, నిజమైన కొలత అల్లాహ్‌కే తెలుసు. దినదినం తరిగిపోయే పుణ్యాన్ని ఏ విశ్వాసీ చిన్నదిగా చూడలేడు. ఐదు పూటలా నమాజు చేసి కూడబెట్టుకున్నది ఒక వైపు నుండి కారిపోతూ ఉంటే ఎవరికి నిమ్మళంగా ఉంటుంది?

ఆ మూడు మినహాయింపులను మరొకసారి చూడండి. వేట, పశువులు, పొలం. ఈ మూడూ జాతుల పేర్లు కావు, పనుల పేర్లు. గొర్రెల మందను కాసే కుక్కకు ఫలానా జాతిలో పుట్టి ఉండాలనే షరతు ఎవరూ పెట్టలేదు. పాలమూరు వైపు గొర్రెల మందల వెంట తిరిగే ఏ జాతీ తెలియని కుక్క ఆ అనుమతిలో నిస్సందేహంగా ఉంటుంది, ఎందుకంటే అది కాపలా కాస్తోంది. అలాంటప్పుడు వేట కుక్క విషయంలో మాత్రం పనిని వదిలేసి పుట్టుకను ఎలా చూస్తాం?

నేర్చిన కుక్క, నేర్వని కుక్క

దివ్యఖుర్ఆన్‌లో అల్ మాయిదా సూరా నాలుగవ ఆయతు వేట జంతువుల గురించి చెబుతుంది. అక్కడ ప్రస్తావన శిక్షణ పొందిన జంతువులది. మనిషి తనకు అల్లాహ్ నేర్పిన జ్ఞానంలో నుండి వాటికి నేర్పుతాడని ఆ ఆయతు గుర్తుచేస్తుంది. హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) ఈ విషయమై దైవప్రవక్త (స)ను అడిగి తెలుసుకున్నారు. దానశీలిగా మన తెలుగువారు కూడా ఎరిగిన హాతిం తాయి కుమారుడే ఆయన. శిక్షణ పొందిన కుక్కను అల్లాహ్ పేరుతో వదిలినప్పుడు, అది పట్టినదాన్ని తాను తినకుండా యజమాని కోసం ఉంచితే ఆ వేట ధర్మసమ్మతం. అది తానే తింటే తన కోసం పట్టుకున్నట్లే, దాన్ని మనం తినకూడదు.

దీని ఆధారంగా ఫిఖ్హ్ పండితులు లోతైన చర్చ చేశారు. కుక్క శిక్షణ పొందిందని ఎప్పుడు అనాలి? వేటను పట్టి కూడా తినకుండా మూడు సార్లు ఆగితే అది నేర్చిన కుక్క అని ఇమాం అబూ యూసుఫ్ (రహ్మ), ఇమాం ముహమ్మద్ (రహ్మ) అన్నారు. ఇమాం అబూ హనీఫా (రహ్మ) లెక్క పెట్టకుండా, ఆ విషయం తెలిసిన వేటగాడి అభిప్రాయానికే వదిలేశారు. ఈ చర్చలో ఎవరూ కుక్క తల్లిదండ్రుల గురించి అడగలేదు. అది ఏం నేర్చింది, ఏం చేస్తోంది అనే అడిగారు.

అల్లామా ఇబ్నుల్ ఖయ్యిం (రహ్మ) దీని నుండి విద్య ఔన్నత్యాన్ని వివరించారు. నేర్చిన కుక్క పట్టింది హలాల్, నేర్వని కుక్క పట్టింది హరాం. కుక్కల్లోనే విద్య ఇంత తేడా తెస్తే మనుషుల్లో ఎంత తేవాలి అని ఆయన భావం. వంశం పేరు చెప్పుకొని గొప్పలకు పోయే మనకు ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. తాత హాఫిజ్ అయినంత మాత్రాన మనవడికి ఖుర్ఆన్ రానట్లే, వేట జాతిలో పుట్టినంత మాత్రాన సోఫా మీద పడుకున్న కుక్క వేట కుక్క కాజాలదు.

భిన్నాభిప్రాయం లేదా?

ఉన్నది. దాన్ని దాచడం న్యాయం కాదు. హిజ్రీ 620లో మరణించిన ఇమాం ఇబ్ను ఖుదామా (రహ్మ) తన 'అల్ ముగ్నీ' గ్రంథంలో సరిగ్గా ఈ ప్రశ్ననే తీసుకున్నారు. వేటాడని మనిషి వేట కుక్కను పెంచితే ఎలా? ఆయన రెండు అవకాశాలూ చెప్పారు. హదీసులో వేట కుక్కకు షరతు లేకుండా మినహాయింపు ఉంది కాబట్టి అనుమతి ఉండవచ్చు. అవసరం లేకుండా పెంచాడు కాబట్టి నిషేధమూ కావచ్చు. వేటగాడు కొంత కాలం వేట మానేసి, మళ్ళీ వెళ్ళాలనే ఉద్దేశంతో కుక్కను ఉంచుకుంటే తప్పు లేదని కూడా రాశారు. మరో వైపు ఇమాం ఇబ్ను అబ్దుల్ బర్ (రహ్మ) లాంటి మాలికీ విద్వాంసులు అవసరం లేకుండా కుక్కను పెంచడాన్ని హరాం అనకుండా మక్రూహ్ అన్నారు.

మరి మన సోదరుడు మొదటి అవకాశాన్ని పట్టుకోవచ్చు కదా? ఇక్కడ రెండు సంగతులు ఆలోచించాలి. ఒకటి, ఇమాంగారు మాట్లాడింది వేట జరిగే సమాజంలోని వేట కుక్క గురించి. మన ఇంటి బీగిల్ ఒక్క రోజు కూడా వేట నేర్వలేదు, దాని తల్లి నేర్వలేదు, బహుశా దాని అమ్మమ్మ కూడా నేర్వలేదు. రెండు, మన దేశంలో వేటకు వెళ్ళాలనే ఉద్దేశానికే దారి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువుల వేటను నిషేధించింది. కృష్ణజింకను, చింకారాను వేటాడితే జైలు శిక్ష తప్పదు. చేయలేని పని పేరు చెప్పుకొని సంకల్పం ఉందనడం మన నఫ్స్ మనకు నేర్పే ఉపాయం.

అరబ్బు ఎడారి అనుభవం

ఈ ఉపాయం మనతోనే మొదలు కాలేదు. అరబ్బు ఎడారుల్లో సలూకీ అనే వేట కుక్క జాతి ఎంతో పాతది. బదూ తెగలవారు దానితో కుందేళ్ళను, జింకలను వేటాడేవారు. దాన్ని ఎంత గౌరవించేవారంటే కుక్క అనే మాటతో పిలవడానికి మనసొప్పక 'అల్ హుర్ర్', అంటే శ్రేష్ఠమైనది అనేవారు. ఇతర కుక్కలను బయటే ఉంచి దీన్ని గుడారంలోకి రానిచ్చేవారు.

కాని ఫిఖ్హ్ ఆ పేరును చూసి తన తీర్పు మార్చుకోలేదు. సలూకీ నోరు పెట్టిన పాత్రకూ, ఊరి కుక్క నోరు పెట్టిన పాత్రకూ ఒకే ఆదేశం వర్తిస్తుంది. షాఫియీ, హంబలీ మస్లకులలో కుక్క మొత్తం అపరిశుద్ధం. మన హనఫీ మస్లకులో దాని శరీరం అలా కాదు, లాలాజలం మాత్రం అపరిశుద్ధం. మాలికీలు కుక్కను పరిశుద్ధమే అంటారు, పాత్ర కడగడాన్ని ఆరాధనగా పాటిస్తారు. వీరిలో ఎవరూ జాతిని బట్టి విభజన చేయలేదు. అయితే ఆ బదూ వేటగాడికి ఒక సమాధానం ఉంది: అతని సలూకీ నిజంగా వేటాడేది, అతని పిల్లల కడుపు నింపేది. మన ఫ్లాట్‌లోని కుక్కకు ఆ సమాధానం కూడా లేదు.

కుక్క తరఫున ఒక మాట

ఇంతవరకు మన పుణ్యం గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆ మూగజీవి హక్కు గురించి కూడా ఆలోచించాలి. ఈ విషయం మన ప్రసంగాల్లో తక్కువగా వినిపిస్తుంది.

కంటికి కనిపించిన దాని వెంట మైదానంలో పరుగెత్తడానికి తగిన ఊపిరితిత్తులు, కాళ్ళు ఉన్న ముధోల్ కుక్కను నాలుగో అంతస్తు బాల్కనీలో కట్టేస్తే దానికి మిగిలేది గ్రిల్లు సందులోంచి పావురాలను చూడటమే. వాసన వెంట గంటల తరబడి నడవడానికి పుట్టిన బీగిల్‌కు మనం ఇచ్చేది ఫినాయిల్ వాసన వచ్చే పాలరాయి నేల. అది రోజంతా మొరుగుతుంది, చెప్పులు కొరుకుతుంది, సోఫా చింపుతుంది. ఇంటివాళ్ళు దాన్ని చెడ్డ కుక్క అంటారు. పక్కింటివాళ్ళు గొడవకు వస్తారు. నిజానికి అది చెడ్డది కాదు, పని లేనిది. దానిలో ఉన్న శక్తికి దారి లేక అలా బయటపడుతోంది.

పిల్లిని బంధించి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోనివ్వక చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైందని దైవప్రవక్త (స) తెలిపారు. యజమాని ఆకలితో మాడ్చి, ఎక్కువ పని చేయించిన ఒక ఒంటె ఆయన (స)ను చూసి కన్నీరు పెట్టుకుంటే దాన్ని నిమిరి, యజమానిని పిలిపించి, ఈ జంతువు విషయంలో అల్లాహ్‌కు భయపడవా అని మందలించిన సంఘటన అబూ దావూద్‌లో ఉంది. జంతువు నోరు లేనిది కావచ్చు, దాని ఫిర్యాదు వినేవాడు మాత్రం ఉన్నాడు. మన కుక్కకు తిండి దొరుకుతోంది, నిజమే. కాని తిండి ఒక్కటే హక్కు కాదు. అల్లాహ్ ప్రతి ప్రాణికీ ఒక స్వభావాన్ని ఇచ్చాడు. ఆ స్వభావం నెరవేరే దారిని మూసేసి గిన్నె నిండా ఖరీదైన దాణా పోసినంత మాత్రాన బాధ్యత తీరదు.

మన దేశ చట్టం కూడా ఈ సూక్ష్మాన్ని గుర్తించింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఎప్పుడూ గొలుసుతో కట్టేసి లేదా ఇరుకు చోట ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం లేకుండా చేయడం యజమాని నేరం. ప్రభుత్వ చట్టం ఇంత ఆలోచిస్తే, లోకాలన్నిటికీ కారుణ్యంగా వచ్చిన ప్రవక్త (స) అనుచరులం మనం ఎంత ఆలోచించాలి?

ఇప్పుడు రెండు దారులూ ఒక్కచోట కలుస్తున్నాయి. షరీఅత్ అనుమతించిన కుక్క పని చేసే కుక్క. సుఖంగా ఉండే వేట కుక్క కూడా పని చేసే కుక్కే. మందలోనో, పొలంలోనో, కాపలాలోనో ఉన్న కుక్క తన స్వభావాన్ని నెరవేర్చుకుంటుంది, యజమానికీ పాపం అంటదు. పడక గదిలో బంధించిన కుక్క విషయంలో ఇద్దరికీ నష్టమే. ఆజ్ఞలోని మర్మం ఇందులో కొంతైనా కనిపిస్తుంది.

ఇది ద్వేషం కాదు

ఈ మాటలు విని ఇస్లాం కుక్కలను ద్వేషిస్తుందని ఎవరూ అనుకోకూడదు. దాహంతో నాలుక చాచిన కుక్కకు బావిలోకి దిగి తన మేజోడులో నీళ్ళు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడని హదీసులో ఉంది. ఆ కుక్క జాతి ఏమిటో హదీసు చెప్పలేదు, దాని దాహం గురించి మాత్రమే చెప్పింది. అంటే దయ విషయంలో కూడా జాతి లెక్కలోకి రాలేదు. ఖరీదైన జాతి కుక్కను ఒడిలో కూర్చోబెట్టుకొని వీధి కుక్కను రాయితో కొట్టేవాడిది దయ కాదు, శౌఖ్. ఉర్దూలో శౌఖ్ వేరు, జరూరత్ వేరు. షరీఅత్ జరూరత్‌కు తలుపు తెరిచింది.

గుహవాసుల కుక్కను గుర్తు చేసుకోండి. అల్లాహ్ తన గ్రంథంలో ఆ పుణ్యపురుషులతో పాటు దానినీ ప్రస్తావించాడు. కుక్కకు ఇంతకు మించిన గౌరవం ఏముంటుంది? అయితే అది ముంగాళ్ళు చాపుకొని పడుకున్నది గుహ గడప దగ్గర. అది వాకిట్లో కాపలాగా ఉందని, కుక్క ఉన్న ఇంట్లోకి దైవదూతలు రారు కాబట్టే అది బయట ఉందని ఇమాం ఇబ్ను కసీర్ (రహ్మ) వివరించారు. గౌరవం గడప దగ్గర కూడా దొరుకుతుంది, దానికి పడక గది అవసరం లేదు.

దైవదూతల ప్రవేశం గురించిన హదీసు అనుమతి ఉన్న కుక్కలకు కూడా వర్తిస్తుందా అనే విషయంలో ఉలమాలు భిన్నంగా అన్నారు. ఇమాం ఖత్తాబీ (రహ్మ) వర్తించదన్నారు. ఇమాం నవవీ (రహ్మ) అన్ని కుక్కలకూ వర్తిస్తుందన్నారు. మంచం కింద ఒక కుక్కపిల్ల ఉన్నందున జిబ్రీల్ (అలై) వాగ్దానం చేసిన వేళకు లోపలికి రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. కనుక పని కోసం పెంచే కుక్కనైనా వాకిట్లోనో, పెరట్లోనో ఉంచడమే భద్రమైన మార్గం. ఇంటి కాపలా కోసం పెంచడాన్ని హదీసులోని అవసరాలతో పోల్చి చాలా మంది పండితులు అనుమతించారు. కళ్ళు లేనివారికి దారి చూపే కుక్క, పోలీసు కుక్క కూడా అవసరం కిందికే వస్తాయి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే?

ఇది అన్నిటికన్నా సున్నితమైన ప్రశ్న. కొందరు ఇలాంటి వ్యాసం చదివి, లేదా జుమా ప్రసంగం విని, భయపడి అదే రాత్రి కుక్కను ఊరి బయట వదిలేసి వస్తారు. ప్రియ పాఠకులారా! దయచేసి ఆ పని చేయకండి. ఇంటి తిండికి అలవాటుపడ్డ కుక్క వీధిలో బతకలేదు. ఆకలితో, ఇతర కుక్కల కాట్లతో, వాహనాల కింద పడి చస్తుంది. ఒక తప్పు దిద్దుకోబోయి, ఆ పిల్లి యజమానురాలి దారిలో నడిచినట్లవుతుంది. చట్టప్రకారం కూడా పెంపుడు జంతువును అలా ఆకలిదప్పులకు వదిలేయడం నేరమే. అది తనంతట తాను మన ఇంటికి రాలేదు, మనం తెచ్చాం. తెచ్చినవాడి మీద అమానత్ ఉంటుంది.

చేయవలసింది ఓపికతో చేయాలి. పొలం, తోట, కోళ్ళ ఫారం, గొర్రెల మంద ఉన్న బంధువులలో, మిత్రులలో దాన్ని ప్రేమగా చూసుకునేవారిని వెతకాలి. హదీసులో కుక్క వెలను వారించడం జరిగింది. ఉపయోగపడే కుక్క అమ్మకాన్ని హనఫీ పండితులు అనుమతించినా ఉచితంగా ఇవ్వడమే శ్రేష్ఠం. చోటు దొరికే వరకు దానికి తిండి, నీళ్ళు, టీకాలు, రోజూ నడక తప్పనిసరిగా అందించాలి. నమాజు చేసే చోటుకు, వంటింటికి దాన్ని దూరంగా ఉంచాలి. వాకిలి ఉన్న ఇల్లయితే అక్కడే గూడు కట్టి, దానికి కాపలా పని అప్పగించవచ్చు.

పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి, కసరకండి. ఆ కన్నీళ్ళు కూడా అల్లాహ్ హృదయంలో పెట్టిన కరుణలోవే. కుక్క చెడ్డదని, అశుభమని వారికి అబద్ధం చెప్పకండి. "ఇది పరుగెత్తడానికి పుట్టింది బిడ్డా, మన ఇంట్లో దానికి చోటు లేదు. దాని చోటుకు దాన్ని పంపుతున్నాం" అని నిజం చెప్పండి. సెలవుల్లో తీసుకెళ్ళి, అది పొలం గట్ల మీద పరుగెత్తుతుంటే చూపించండి. షరీఅత్ ఆజ్ఞలో కఠినత్వం కాదు, కారుణ్యం ఉందని ఆ పిల్లలు పుస్తకంలో చదవకుండానే నేర్చుకుంటారు.

అల్లాహ్ మనకు పేర్ల వెనుక దాక్కోకుండా సత్యాన్ని సత్యంగా చూసే దృష్టిని, మన చేతి కింద ఉన్న మూగజీవుల పట్ల న్యాయంగా మెలిగే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.